మంత్రపుష్పము – మంచినీటి బిందె



వైశాఖ మాసము జలదానమునకు ప్రశస్తమైన కాలము. స్కాంద పురాణములోని వైశాఖ మాహాత్మ్యమును మీరు పలుమారులు వినియున్నారు. చలివేంద్రముల ఫలమును, ఉదకుంభ దాన విధిని మరల విస్తరింపము. నేడు మన అమీర్‌పేట, పంజాగుట్టల నడుమనున్న బస్తీలలోని నీటి కథను, అందులో మా తప్పిదమును విన్నవింపదలచితిమి.

నగరమునకు నీరు తెచ్చుటలో పెద్దలు చేసిన కృషి సామాన్యము కాదు. 1908లో మూసీ వరద ముంచెత్తిన పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును కట్టిరి. తరువాత మంజీర వచ్చినది. 2004లో కృష్ణవేణి, 2015లో గోదావరి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో పయనించి మన వీధులకు విచ్చేసినవి. భగీరథుడు ఒక్క గంగను తెచ్చినందుకే మనము నేటికిని స్మరించుచున్నాము. ఈ ఇంజనీర్లకును ఒక నమస్కారము చెల్లును. 2021 జనవరిలో గృహములకు నెలకు 20 వేల లీటర్ల వరకు నీటిని ఉచితము కూడ చేసిరి.

అయినను బీదవారు ఆ నీటికి వేళతో వెల చెల్లించుచున్నారు. నల్లా దినము విడిచి దినము వచ్చును. మేడలలో నీరు సంపులో నిండును, మోటారు పైకెక్కించును. నల్లా ఎప్పుడు వచ్చినదో, ఎప్పుడు పోయినదో ఇల్లాలికి తెలియనే తెలియదు. బస్తీలో ఒంటిగది ఇండ్లు. నాలుగైదు కాపురములకు కలిపి ఒక్క నల్లా. సంపు లేదు, ఉన్నవి బిందెలు, డబ్బాలు, వాకిట ఒక నీలపు డ్రమ్ము. ఎవరో ఒకరు తెల్లవారుజామున మేల్కొని కాచుకొనవలెను. ఆ ఇల్లాలు ఏడు గంటలకు మేడలలో అంట్లు తోమబోవలెను. భర్త వేళకు అడ్డా చేరకున్నచో మేస్త్రీ వేరొకరిని తీసికొని పోవును. ఆ దినపు కూలి పోయినట్లే. నీరు పట్టుట పిల్లలకు అప్పగించినచో బడికి ఆలస్యమగును. ఒక్క నల్లా గంట ఆలస్యమైనచో ఒక ఇంటి దినచర్య ఎంత చెదరునో చూడుడు!

ఇక వానాకాలపు బాధ వేరు. 2000 ఆగస్టు 24న ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, హుస్సేన్‌సాగరమున కలియు కూకట్‌పల్లి నాలా పొంగి ఒడ్డున నున్న ఇండ్లను ముంచెను. మోకాలి లోతు నీటిలో నిలిచి త్రాగునీటికై చూచిన వారు ఆ దినమును మరువలేరు.

ఇప్పుడు మా సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వేసవిలో ఆలయ ప్రాకారములోని బోరు కుళాయి వద్దకు బస్తీ స్త్రీలు బిందెలతో వచ్చిరి. అభిషేక జలము తెచ్చు చోట మడి చెడుచున్నదని మాకు కోపము వచ్చినది. వాచ్‌మన్‌ను పిలిచి గేటు వేయుమంటిమి. ఒకామె గేటు పట్టుకొని, “నల్లా రాలేదు అయ్యగారూ. రెండు బిందెలే పట్టుకుంట. ఏడు గంటలకు పనికి పోవాలె” అన్నది. “ఇది దేవాలయమమ్మా” అని చెప్పి లోనికి పోతిమి.

హారతి వేళ మంత్రపుష్పము చెప్పవలసి వచ్చినది. తైత్తిరీయ ఆరణ్యకములోని ఆ మంత్రములు సాంతము జలములను గూర్చినవే. జలముల నెలవును ఎరిగినవాడు నెలవు గలవాడగునని మరల మరల చెప్పునవే. పదేండ్ల ప్రాయమున పాఠశాలలో గురువుగారు స్వరము తప్పినందుకు కొట్టి నేర్పిన పనస అది. ఆ దినమున మాకు స్వరము తప్పలేదు. కాని నడుమ కంఠము పెగలక ఆగిపోతిమి. గేటు వెలుపల ఖాళీ బిందె చప్పుడు వినబడుచుండెను. మేము బయటకు వచ్చుసరికి ఆమె వెళ్ళిపోయినది.

భృగువల్లిని ఎన్నిమారులు పాఠము చెప్పితిమో లెక్కలేదు. నివాసమునకు వచ్చిన వానిని త్రోసివేయరాదనుట అందులోనిదే. జలమే అన్నమనుటయు అందులోనిదే. రంతిదేవుని కథను మాత్రము మరచితిమా? నలువది ఎనిమిది దినములు నీరైనను లేక ఉపవసించిన ఆ రాజు, దొరకిన అన్నమును వచ్చినవారికి పంచి, కడపట మిగిలిన నీటిని కూడ దాహముతో వచ్చిన పుల్కసునకు ఇచ్చెను. వచ్చినవాని కులమడుగలేదు, మడి యడుగలేదు. పోతనామాత్యులు తెనిగించిన నవమ స్కంధములో ఆ ఘట్టమును ఇంటివద్ద చదువుకొనుడు. మన పక్కనే బల్కంపేట ఎల్లమ్మ తల్లి భూమట్టమునకు దిగువన, బావిలో వెలసియున్నది. అచట ఊరు నీటినే జనులు తీర్థముగా గైకొందురు. దేవతయే నీటిలో నుండగా నీటి బిందె వలన ఆలయమునకు మైల ఎట్లు కలుగును?

మరునాడు ధర్మకర్తలతో మాటలాడితిమి. ప్రాకారపు గోడకు వెలుపలి వైపున రెండు కుళాయిలు వేయించిరి. వారి ఔదార్యము ప్రశంసనీయము. అయితే ఇటీవల కొందరు భక్తులు వీధి బురదయగుచున్నదని, వేసవిలో బోరు అడుగంటునని, ఆ కుళాయిలను తీసివేయుమని కోరుచున్నారు. వారి మాటలో సత్యము లేకపోలేదు. బోరులో నీరు తగ్గుచున్నది. అందుచే లెక్క చూచితిమి. నిత్యాభిషేకమునకు మాకు కావలసినది పదకొండు కలశములు. ప్రాకారమంతయు పైపుతో కడుగుటకు పోవునది దానికి ఎన్నో రెట్లు. కావున నీరు తగ్గినప్పుడు మొదట కడుగుట మానుదము, చీపురు చాలును. పిదప వాహనములు కడుగుట. పదకొండు కలశములు ఐదైనను స్వామికి లోటు లేదు, మేము బాధ్యత వహింతుము. గోడ వెలుపలి కుళాయిలను అన్నింటికంటె కడపట కట్టవలెను. బురదకు సిమెంటు గచ్చు, చిన్న కాలువ చాలును. దాని ఖర్చునకు మా సంభావనలో కొంత ఇదివరకే కార్యాలయమున ఇచ్చితిమి. మిగిలినది ఇవ్వదలచినవారు అచటనే రసీదు పొందవచ్చును.

గేటు పట్టుకొన్న ఆ ఇల్లాలు మరల కనబడలేదు. ఇల్లు మారినదో, ఊరికే పోయినదో తెలియదు. కుళాయి వద్ద ఎవరు నిలిచియున్నను మేము ఒక్క క్షణము ఆగి చూచుచుందుము.