ఉత్తరపు గాలి – పసిబిడ్డ సంబరము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పుష్యమాసమున తెల్లవారుజామున గోదావరి కాలువగట్టుపై నడచినవారికి ఒక దృశ్యము తప్పక కనబడును. పెద్దలందరు తలకు తువ్వాలు చుట్టి, చేతులు చంకలలో దాచుకొని, గాలికి వీపు త్రిప్పి నిలిచియుందురు. వారి నడుమ రెండు మూడేండ్ల పసివాడొకడు మాత్రము గాలికెదురుగ ముఖము పెట్టి, కన్నులు మూసి, నోరు తెరచి, ఆ వచ్చుదానిని త్రాగువానివలె నిలుచును. గాలి వచ్చి ముఖమును కొట్టగనే క్షణకాలము ఊపిరి బిగబట్టును. పిమ్మట కిలకిల నవ్వును. మరల గాలి యెప్పుడు వచ్చునాయని చూచును. తల్లి వాకిటినుండి “లోపలికి రారా, జలుబు చేస్తుంది” అని కేకవేయును. వాడు రాడు.

పెద్దలకు పగవాడైన గాలి పసివానికి చుట్టమెట్లయినది? నేటి ప్రసంగమునకు విషయమిదియే. చిన్న విషయమే. కాని రజతోత్సవ సభలయందు పెద్ద విషయములు చెప్పువారు పలువురుందురు గాన ఒక చిన్న విషయమునకు గూడ కొంత చోటు దొరకకపోదు.

ముందుగా ఈ గాలి యెచ్చటిదో తెలిసికొనవలెను. ఏడాది పొడుగున డెల్టాకు వచ్చు గాలులు పలు తెరగులు. వేసవిలో పడమటి వడగాడ్పు, ఆ వేసవిలోనే సాయంకాలమున ప్రాణము లేచివచ్చునట్లు తాకు పైరగాలి, ఆషాఢము మొదలు నైరృతి ఋతుపవనము, ఆశ్వయుజ కార్తికములలో అది వెనుదిరుగగా ఈశాన్యపు గాలి. కవులు దక్షిణమునుండి వచ్చు మలయమారుతమునకు వేయి విధముల నీరాజనములిచ్చిరి. ఉత్తరపు గాలికి వారి యాదరణము స్వల్పమే. రాజమహేంద్రవరమున భారతమును తెనిగించిన నన్నయభట్టు అరణ్యపర్వమున శరద్రాత్రుల వర్ణనముకడ ఘంటము నిలిపెనని పరంపరగా చెప్పుదురు. ఇంకొక్క ఋతువు ముందునకు సాగియున్నచో గోదావరి గట్టు చలిగాలి యేమి పద్యమైయుండెడిదో!

శీతకాలమున ఆసియాఖండపు నడిభాగము మిక్కిలి చల్లబడును. చల్లని గాలి బరువైనది గాన నేలనంటి నలుదిక్కులకు ప్రవహించును. సైబీరియాలో పుట్టిన ఆ గడ్డు చలి తిన్నగా దిగివచ్చినచో ఈ సీమలో దాళ్వా పంట మాట తలపనక్కరయే లేదు. హిమాలయము అడ్డగోడవలె నిలిచి దానిని ఆపుచున్నది. ఉత్తరదేశపు మైదానములలో చల్లబడిన గాలి గంగానది వెంబడి దిగి, బంగాళాఖాతము చేరి, భూభ్రమణము కారణముగ కుడివైపునకు మరలి, ఈశాన్యమునుండి తెలుగు తీరమును తాకును. దీనికి తోడు రాత్రివేళ నేల సముద్రముకంటె త్వరగా చల్లారును గాన వేకువజామున గాలి నేలనుండి సముద్రమువైపు వీచును. ఎండ ముదిరిన పిదప సముద్రమునుండి నేలవైపు వీచును. ఈ రెంటికి నడుమ, ఉదయము కొంత ప్రొద్దెక్కిన వేళ, ఆకు గూడ కదలని నిశ్చలత యొకటి కలదు. దాని మాట మరల రాగలదు.

ఇంతకు ఇచ్చటి చలి యేపాటిది? జనవరిలో డెల్టాయందు రాత్రి ఉష్ణోగ్రత సాధారణముగ 18, 20 డిగ్రీల ప్రాంతమున నుండును. మన్యపుకొండలమీది లంబసింగివారు వినినచో నవ్వుదురు. అయినను గట్టుమీది పెద్దలు వణకుటలో నటన లేదు. మానవ శరీరమును అంటి ఒక పలుచని వెచ్చని గాలిపొర యుండును. వీచుగాలి దానిని ఎప్పటికప్పుడు ఊడ్చుకొనిపోవును. శరీరము మరల వేడినిచ్చును, గాలి మరల ఎత్తుకొనిపోవును. ఈ వ్యవహారమున పెద్దలకంటె పసివాడే యెక్కువ నష్టపడును. ఏలయనగా బరువుతో పోల్చి చూచినచో పసివాని చర్మపు వైశాల్యము అధికము. లెక్క ప్రకారము గాలిని చూచి మొదట పారిపోవలసినవాడు వాడే. ఆ వాడే చేతులు చాచి యెదురేగుచున్నాడు.

దీనికి కారణము వెదకుటకు కొంత దూరము పోవలసియున్నది. 1839 డిసెంబరు 27వ తేదీన ఇంగ్లండు దేశమున చార్లెస్ డార్విన్‌కు మొదటి కుమారుడు కలిగెను. జీవజాతుల పుట్టుకను పరిశోధించిన ఆ శాస్త్రజ్ఞుడు తన బిడ్డ చేష్టలను గూడ వ్రాసి పెట్టుకొని, 1877లో వానిని ప్రకటించెను. నూటపదవనాడు బిడ్డ ముఖముపై గుడ్డ కప్పి చటుక్కున తీసివేయగా వాడు ఎంతయో సంబరపడెనని అందు కలదు. తెలుగు తల్లి చీరచెంగు ముఖమున కప్పి తీసి “బూచి” యని యాడించుట యిదియే గదా! వెలుతురు పోవును, వెంటనే వచ్చును. గాలియు అట్లే. పసిబిడ్డ ముఖముపై గాలి తగిలినప్పుడు ఊపిరి క్షణము ఆగుట శరీరస్వభావము. ఆగిన ఊపిరి మరల వచ్చును. భయము తలుపు తట్టి లోనికి రాకుండనే పోయినచోట నవ్వు పుట్టును. కనబడని దెవరో వచ్చి చెంపలు నిమిరి, జుట్టు చెరపి, చొక్కా యెగురవేసి పోయినారు. ఇంతకంటె గొప్ప ఆట తల్లి గూడ ఆడింపలేదు.

మాటలు వచ్చిన పిమ్మట సంబరమునకు ప్రశ్న తోడగును. కోనసీమలో ఏ యింటి అరుగుమీదనైనను ఈ సంభాషణ వినబడవచ్చును.

“తాతయ్యా, చెట్లు మనకి విసురుతున్నాయా?”

“అవున్రా బాబూ, విసురుతున్నాయి.”

“ఆగమని చెప్పు, మళ్ళీ విసరమని చెప్పు.”

కొబ్బరిమట్టలు ఊగుటచే గాలి పుట్టుచున్నదని బాలుని నిశ్చయము. విసనకఱ్ఱ ఊపిన గాలి వచ్చుటను చూచినవాడు మట్ట ఊగగా గాలి వచ్చుననుట తర్కమునకు విరుద్ధము కాదు. స్విట్జర్లాండు దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు జాఁ పియాజే చిన్నపిల్లలను గాలి యెచ్చటనుండి వచ్చునని యడిగి, వారి సమాధానములను పరిశీలించి 1927లో గ్రంథముగ వెలువరించెను. చెట్లు కదలుటచేతనే గాలి పుట్టునని అచ్చటి పిల్లలును చెప్పిరి. జెనీవా నగరపు బాలునికిని అంబాజీపేట బాలునికిని చెట్లు వేరు, తర్కమొక్కటే.

తాతయ్య “అవును” అనెను గాని ఆయన మనస్సు అచ్చట లేదు. గాలి కొబ్బరితలలలో చేరి హోరుమనగనే ఆయన లేచి గడియ సరిగా పడినదో లేదో చూచివచ్చును. మనుమడు చప్పట్లు కొట్టును. ఒకే గాలి, ఒకే అరుగు. ఇద్దరికిని వినబడునది మాత్రము వేరు. ఆ పెద్దవాని చెవులలో 1996 నవంబరు 6వ తేదీ రాత్రి యింకను మ్రోగుచున్నది. ఆ నాటి తుపాను కోనసీమమీదుగ పోయి వేయిమందికి పైగా ప్రాణములను హరించెను. తలలు తెగిన కొబ్బరిచెట్లు మరునాటి వెలుతురున స్తంభములవలె నిలిచెను. కొబ్బరిచెట్టు బిడ్డవలె పెంచినది గాన ఆ యిండ్లలో చెట్లకొరకు గూడ ఏడ్చిరి.

అంతకు ముందు తరములకును ఇట్టి రాత్రులు లేకపోలేదు. 1789 డిసెంబరులో కోరంగి రేవుపై సముద్రము పర్వతములవంటి అలలతో పడెను. డార్విన్ ఇంట బిడ్డ పుట్టుటకు సుమారు నెలనాళ్ళు ముందు, 1839 నవంబరు 25న, అదే కోరంగిని ఉప్పెన మరల ముంచి రేవు వైభవమును రూపుమాపెను. తూర్పుతీరపు తుపానులను పరిశీలించుచు కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ అను పండితుడే, పాము చుట్టవంటి గాలియను భావముతో గ్రీకు మాటనుండి ‘సైక్లోన్’ అను పేరును కల్పించి 1848లో గ్రంథస్థము చేసెను. ప్రపంచమంతయు నేడు పలుకు ఆ మాట ఈ యఖాతపు గాలులనుజూచి పుట్టినది. కార్తిక మార్గశిరములలో ఈశాన్యపు దిక్కు నల్లబడినచో డెల్టా పెద్దలు మాట తగ్గించుట ఊరక కాదు.

పురాణములు చెప్పినవారును ఈ రెండు గాలులను ఎరిగినవారే. భాగవతమున తృణావర్తుడను దైత్యుడు సుడిగాలియై వచ్చి ఏడాది బిడ్డయగు కృష్ణుని ఎత్తుకొనిపోవును. రేపల్లె దుమ్ముతో నిండగా యశోద బిడ్డకొరకు నేలపై పడి ఏడ్చును. పోతన తెనుగున ఆ ఘట్టము చదివిన తల్లికి గాలియనిన గుండె జల్లుమనక మానదు. రామాయణకథలో దీనికి ఎదురు కథ కలదు. సూర్యుని పండనుకొని యెగిరిన పసి హనుమంతుని ఇంద్రుడు వజ్రముతో కొట్టగా, తండ్రియైన వాయుదేవుడు అలిగి వీచుట మానెను. లోకములు ఊపిరాడక తల్లడిల్లెను. ఒకచోట బిడ్డను ఎత్తుకొనిపోయిన గాలి, మరియొకచోట బిడ్డకొరకు లోకమునే ఆపిన గాలి.

తల్లులు మొదటి కథనే యెక్కువ నమ్ముదురు. బిడ్డ పాలు త్రాగకున్నను, ఉలికిపడినను “గాలి సోకింది” అందురు. ఈ మాటను పరిహసించుట తగదు. పసిబిడ్డలు చలికాలమున రొమ్ముపడిశముతో చేజారిన యిండ్లలో పుట్టిన మాట యది. అయితే జలుబు చేయునది గాలి కాదనియు, ఒకరినుండి యొకరికి సోకు సూక్ష్మజీవులే దానికి కారణమనియు వైద్యశాస్త్రము నిశ్చయించినది. తలుపులన్నియు బిగించి పదిమంది ఒక్కగదిలో పడుకొనినప్పుడు అవి సులువుగ వ్యాపించును. అంతకంటె ఘోరము, మూసిన గదిలో బొగ్గులకుంపటి పెట్టుట. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు, నిద్రించువారిని లేవనీయదు. ఉత్తరపు కిటికీలోనుండి వచ్చు చలికి భయపడి లోపల మృత్యువును రాజేసికొను ఇండ్లు ఇంకను కలవు. నెలల బిడ్డను, ముఖ్యముగ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను, తల్లి తన రొమ్మునకు హత్తుకొని చెంగు కప్పుకొనుటకు మించిన కుంపటి లేదు. నడకలు నేర్చినవానికి తలకొక టోపియు ఒంటికొక చొక్కాయు వేసి గట్టుమీదికి విడిచినచో గాలి వానిని తినివేయదు.

గాలితో పెద్దలకు స్నేహము బొత్తిగ లేదనుటయు సరికాదు. సార్వా కోతలైన పిదప కళ్ళములో ధాన్యమును చేటలకెత్తి ఎత్తునుండి పోయునప్పుడు, గాలి లేనిచో పని సాగదు. గట్టిగింజ కాళ్ళకడ పడును, తాలు పొట్టు దూరముగ పోవును. ఆ పొట్టు వానలో పిల్లలు గంతులువేయుట, ఒళ్ళంతయు దురదపెట్టగా తల్లులచే దెబ్బలు తినుట ఒకప్పుడు సంక్రాంతికి ముందటి ఉత్సవము. కోతయంత్రములు వచ్చినపిదప ఆ దృశ్యము అరుదైనది. కాలువలలో తెరచాప లెత్తిన పడవలును పోయినవి. ఉత్తరపు గాలికి ఉబ్బిన తెరచాపను గట్టునుండి చూచి పరుగులెత్తిన బాలురు నేడు తాతలు. పుస్తకములు గూడ ఒకప్పుడు కాలువగాలి పీల్చినవే. 1935లో కృష్ణా డెల్టాయందు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ పడవపై గ్రంథాలయమును నడిపిరి. పఠనమందిరములలో మాత్రము గాలికి స్వాగతము లేదు. బల్లమీది పత్రికలకు గులకరాళ్ళు బరువు పెట్టుట ప్రతి పల్లె గ్రంథాలయమునను ఆచారము. రాయి తీసి, కాగితము లేచి యెగురుటను చూచి కేరింతలు కొట్టు పసివాని విషయమున గ్రంథపాలకుడు మిక్కిలి ఓర్పు వహింపవలసియుండును.

గాలిని కొలుచుటకు 1805లో ఫ్రాన్సిస్ బోఫర్ట్ అను నావికాధికారి ఒక పట్టిక వ్రాసెను. పొగ వంగినచో ఇంత, ఆకులు గలగలలాడినచో ఇంత, చిన్నజెండా విప్పారినచో ఇంతయని నేలమీది గుర్తులు పిమ్మట దానికి చేర్చబడెను. పసివానికి ఆ పట్టికతో పనిలేదు. వానికి తాటాకు చక్రము చాలును. తాటాకు ముక్కలు రెండు అడ్డముగ మడచి, నడుమ తుమ్మముల్లు గ్రుచ్చి, పుల్లకు తగిలించి తాతయ్య చేసి యిచ్చినది. దానిని గాలికెదురుగ పట్టుకొని వాడు గట్టుమీద నిలుచును. అది గిఱ్ఱున తిరుగును. పోయిన సారి కంటె వేగముగ తిరిగెనని వాడు తాతయ్యకు చెప్పివచ్చును.

ప్రొద్దెక్కును. మంచు విడిపోవును. నేలగాలి ఆగి, సముద్రపుగాలి యింకను రాని వేళ. కొబ్బరిమట్టలు బొమ్మలవలె నిలిచిపోవును. చక్రము రెండు చుట్లు మెల్లగ తిరిగి ఆగును. పసివాడు చక్రమువైపు చూచును, చెట్టువైపు చూచును, విసరుమని చేయి యూపును. చెట్టు వినదు. కొంతసేపు ఊది చూచును. తరువాత ఏమనుకొనునో, చక్రమును ముందుకు చాచి పట్టుకొని గట్టువెంబడి పరుగు తీయును. చక్రము తిరుగును. వాకిటినుండి తల్లి మరల కేకవేయును. వాడు ఇంకను వేగముగ పరుగెత్తును.