బేరంలో మూడో మనిషి



ఈసారి అధ్యక్షోపన్యాసానికి అమెరికా విమానయాన రంగాన్ని ఎంచుకున్నాను. ఎన్నికల గురించి రాజనీతి శాస్త్రం వాళ్లు చదువుతారు. కంపెనీల జమాఖర్చులు కామర్స్ వాళ్లు చూస్తారు. కార్మిక సంఘాల సంగతి చరిత్ర శాఖకు వదిలేస్తాం. ఈ మూడూ విడదీయరానంతగా పెనవేసుకున్న రంగం కోసం వెతికితే నాకు ఇదే కనిపించింది. అక్కడ పైలట్ల జీతాల చర్చలో యాజమాన్యం ఒక పక్క, యూనియన్ మరో పక్క కూర్చుంటే, దేశాధ్యక్షుడికి చట్టమే మూడో కుర్చీ వేసింది. మరి ఎన్నికలో ఆయనకు మద్దతు ఇచ్చినంత మాత్రాన, ఆ కుర్చీలో కూర్చున్నాక ఆయన మన పక్షాన మాట్లాడతాడా? నాలుగున్నర దశాబ్దాల అనుభవం చూస్తే, ఓటుతో సంపాదించిన చనువు ఒకటి, పని ఆపగలిగిన బలం మరొకటి. రెండో దాని లెక్క టికెట్ల ఆదాయంలో ఉంటుంది, ఎన్నికల ఫలితాల్లో ఉండదు.

1980 అక్టోబరులో, అధ్యక్ష ఎన్నిక పోలింగుకు రెండు వారాల ముందు, అభ్యర్థి రోనాల్డ్ రీగన్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సంఘం ప్యాట్కో అధ్యక్షుడు రాబర్ట్ పోలికి ఒక ఉత్తరం రాశారు. కంట్రోలర్లకు ఆధునిక పరికరాలు సమకూరుస్తానని, ప్రయాణికుల భద్రతకు తగ్గట్టు సిబ్బంది సంఖ్యనూ పనివేళలనూ సరిచేస్తానని అందులో మాట ఇచ్చారు. సంఘం ఆయనకు మద్దతు ప్రకటించింది. డెమొక్రాట్ జిమ్మీ కార్టర్ ప్రభుత్వంతో వాళ్లు విసిగిపోయి ఉన్నారు. పైగా రీగన్ ఒకప్పుడు హాలీవుడ్ నటుల సంఘానికి అధ్యక్షుడు, 1960లో ఆ సంఘం చేసిన సమ్మెకు నాయకుడు. కార్మిక సంఘాన్ని నడిపి ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడైనవాడు ఆయనొక్కడే. తమ కష్టం తెలిసినవాడని కంట్రోలర్లు నమ్మడంలో తప్పేముంది?

వాళ్ల పని ఎలాంటిదో కాస్త దగ్గరగా చూద్దాం. మసక వెలుతురు గది. ఎదురుగా గుండ్రటి రాడార్ తెర, దాని మీద కదిలే చుక్కలు. పక్కన ప్లాస్టిక్ పట్టీల్లో బిగించిన సన్నటి కాగితం ముక్కలు, ఒక్కో విమానానికి ఒక్కో ముక్క. దాని మీద విమానం నంబరు, ఎత్తు, దారి. విమానం ఎత్తు మారినప్పుడల్లా పాత అంకె కొట్టేసి కొత్తది రాయాలి. ఆ కాగితం ముక్క వెనక వందమందో రెండువందలమందో మనుషులున్నారన్న సంగతి మరిచిపోతే ప్రమాదం, అదే తలచుకుంటూ కూర్చుంటే చెయ్యి వణుకుతుంది. ఇలాంటి పనికి వారానికి 32 గంటలు చాలు అని వాళ్లు అడిగారు. ఏడాదికి పది వేల డాలర్ల పెంపు, ముందస్తు రిటైర్మెంటు కూడా అడిగారు. ప్రభుత్వం అంతకన్నా చాలా తక్కువకు ఒప్పందం కుదిర్చితే సభ్యుల్లో 95 శాతం మంది తిరస్కరించారు.

1981 ఆగస్టు 3న సుమారు 13,000 మంది పని మానేశారు. ఫెడరల్ ఉద్యోగులు సమ్మె చేయరాదన్నది చట్టం, చేయమని ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రమాణం చేస్తారు. ఆ ఉదయమే రీగన్ వైట్‌హౌస్ తోటలో విలేఖరుల ముందు నిలబడి ఆ ప్రమాణాన్ని చదివి వినిపించి, 48 గంటలు గడువిచ్చారు. గడువు దాటాక 11,345 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ ఉద్యోగాల్లోకి మళ్లీ రాకుండా నిషేధం పెట్టారు. అక్టోబరు నాటికి సంఘం గుర్తింపే రద్దయింది. ఆ నిషేధాన్ని క్లింటన్ ఎత్తేసేసరికి 1993 వచ్చింది. అప్పటికి వాళ్లలో చాలామందికి వయసు మీరిపోయింది.

ఈ కథను రీగన్ మొండితనంగానో పోలి తొందరపాటుగానో చెప్పుకోవడం రివాజు. నాకది సరిపోదు. పర్యవేక్షకులు, సైనిక కంట్రోలర్లు, సమ్మెలోకి దిగనివారు కలిసి కొద్దిరోజుల్లోనే సగానికి పైగా విమానాలను నడిపించారు. పైలట్లు విమానాలు ఎక్కారు, మెకానిక్కులు పనికి వెళ్లారు. ఇతర సంఘాలు సానుభూతి తెలిపాయి, ఊరేగింపులు తీశాయి, రెంచి మాత్రం కింద పెట్టలేదు. ఇంకో ముఖ్యమైన విషయం, అది మాంద్యం మొదలవుతున్న కాలం. సీట్లు నిండడం లేదు. ప్రభుత్వం విమానాల సంఖ్య తగ్గించమంటే కొన్ని పెద్ద కంపెనీలకు అది నష్టం తెచ్చే సర్వీసులను మానుకోవడానికి మర్యాదైన సాకు అయింది. సమ్మె దెబ్బ ఎవరికి తగలాలో వాళ్లకు తగలలేదు. రాజకీయ నిర్ణయానికి కింద ఆర్థిక నేల గట్టిగా ఉంది కాబట్టే రీగన్ దాని మీద అంత ధీమాగా నిలబడగలిగారు.

ఇక్కడ వరాహగిరి వెంకటగిరిని తలచుకోకుండా ముందుకు పోలేను. బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టి, రైల్వే కార్మికుల నాయకుడై, ఏఐటీయూసీకి అధ్యక్షుడై, చివరికి రాష్ట్రపతి అయిన మనిషి. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం మార్చితే, కార్మిక మంత్రి పదవిని వదులుకుని బయటికొచ్చారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో మరో తెలుగువాడు నీలం సంజీవరెడ్డి మీద, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్న ఇందిరాగాంధీ పిలుపు అండతో గెలిచారు. ఐదేళ్లు తిరక్కుండానే, 1974 మే నెలలో సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. వేలమందిని అరెస్టు చేసి మూడు వారాల్లోపే ప్రభుత్వం ఆ సమ్మెను అణిచేసింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆ రైల్వే యూనియన్ల నుంచి వచ్చిన గిరిగారే. మన రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడవాలి, అమెరికా అధ్యక్షుడు తానే నిర్ణేత. అందుకే గిరిగారినీ రీగన్‌నూ ఒకే త్రాసులో తూచడం అన్యాయం. అయినా ఒక్క విషయం రెండుచోట్లా నిజం. మనవాడు పీఠం ఎక్కడం వేరు, ఆ పీఠం మనకు అక్కరకు రావడం వేరు.

ఇక లెక్కల దగ్గరికి వద్దాం. మదనపల్లె మార్కెట్లో ఈ పూట అమ్ముడుపోని టమాటాకు రేపు సగం ధరైనా పలుకుతుంది. విమానం తలుపు మూసుకున్నాక ఖాళీగా మిగిలిన సీటుకు మర్నాడంటూ లేదు. ఇంజను, ఇంధనం, పైలటు, విమానాశ్రయం అద్దె అన్నీ ఖర్చయిపోయాయి, సీటు ఒట్టిపోయింది. అందుకే ఈ రంగంలో ఒక్కరోజు సమ్మె అన్నా యాజమాన్యానికి వణుకు. ఉక్కు కర్మాగారం సమ్మెకు ముందు సరుకు నిల్వ చేసుకోగలదు, విమాన కంపెనీ ప్రయాణాన్ని గిడ్డంగిలో పెట్టలేదు.

ఈ సంగతి కంపెనీలకు అందరికన్నా ముందే తెలుసు. 1958లో కొన్ని పెద్ద కంపెనీలు పరస్పర సహాయ ఒడంబడిక చేసుకున్నాయి. ఒక కంపెనీలో సమ్మె జరిగితే దాని ప్రయాణికులు పక్క కంపెనీలకు మళ్లుతారు కదా, అలా అదనంగా వచ్చిన ఆదాయంలోంచి సమ్మె దెబ్బ తిన్న కంపెనీకి డబ్బు కట్టాలి. కార్మికుల సంఘీభావం గురించి వ్యాసాలు రాసే మనం యజమానుల సంఘీభావం ఇంత పకడ్బందీగా ఉందని ఎక్కడ చెప్పాం? 1978లో కార్టర్ సంతకం చేసిన డీరెగ్యులేషన్ చట్టం ఈ ఒడంబడికను రద్దు చేసింది. కార్మికులకు అది మేలే. కానీ అదే చట్టం చార్జీలను, మార్గాలను కంపెనీల ఇష్టానికి వదిలేసింది. అంతకుముందు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు ఖర్చులకు తగ్గట్టు చార్జీలు ఖరారు చేసేది. జీతం పెరిగితే టికెట్ పెరిగేది. ఆ తర్వాత జీతమే పోటీకి ఆయుధమైంది. యూనియన్ లేని కొత్త కంపెనీలు సగం ధరకు టికెట్లు అమ్మాయి, పాత కంపెనీలు జీతాల మీద పడ్డాయి. 1983లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ అధినేత ఫ్రాంక్ లోరెంజో దివాలా పిటిషన్ వేసి యూనియన్ ఒప్పందాలను చించేశారు, ఉద్యోగులను బాగా తగ్గిన జీతాలకు పనిలోకి పిలిచారు. ఈ డీరెగ్యులేషన్ తెచ్చింది డెమొక్రాట్ అధ్యక్షుడు, దానికి సెనేట్‌లో నడుం కట్టింది ఎడ్వర్డ్ కెనెడీ, బోర్డు చైర్మన్‌గా దారి వేసింది ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ కాన్. ఏ పార్టీ కార్మికుల పార్టీ అన్న ప్రశ్నకు ఇక్కడ సులువైన జవాబు దొరకదు.

మూడో కుర్చీ సంగతి ఇప్పుడు చూద్దాం. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్‌ను 1936లో విమానాలకు వర్తింపజేశారు. ఒప్పందం గడువు తీరినా అది చెల్లకుండా పోదు, కొత్తది కుదిరేదాకా నడుస్తూనే ఉంటుంది. జాతీయ మధ్యవర్తిత్వ బోర్డు ఎంతకాలమైనా చర్చలు సాగదీయవచ్చు. ఇక లాభం లేదని అది చేతులెత్తేస్తే ముప్పై రోజుల విరామం. ఆ తర్వాత సమ్మె చేసుకోవచ్చు, కానీ అధ్యక్షుడు అత్యవసర బోర్డు వేస్తే మళ్లీ ఆగాలి. అంటే సమ్మె గడియ ఎప్పుడన్నది ఒక దశలో వైట్‌హౌస్ చేతిలోకి వెళ్తుంది.

ఈ ఒక్క అధికారాన్ని అధ్యక్షులు ఎలా వాడారో వరసగా చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. 1989లో లోరెంజో చేతిలోనే ఉన్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్‌లో మెకానిక్కులు సమ్మె అంచున నిలబడి అత్యవసర బోర్డు వేయమని కోరారు. మధ్యవర్తిత్వ బోర్డు కూడా సిఫారసు చేసింది. తండ్రి బుష్ వేయలేదు. కాంగ్రెస్ బిల్లు చేస్తే వీటో చేశారు. ఈస్టర్న్ దివాలా తీసి 1991 జనవరిలో మూతపడింది. 1993 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ రద్దీకి ముందు అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ అటెండెంట్లు సమ్మెకు దిగారు. ప్రతి యాభై సీట్లకు ఒక అటెండెంటు లేనిదే ప్రయాణికులను ఎక్కించకూడదన్నది నిబంధన. కంపెనీ పట్టుదలగా విమానాలు ఎగరేసింది, వాటిలో కొన్ని ఒక్క ప్రయాణికుడూ లేకుండా గాల్లో తిరిగాయి. వందల సీట్లు, ఒక్క మనిషి లేడు. ఐదో రోజున క్లింటన్ ఫోను చేసి మధ్యవర్తి తీర్పుకు ఒప్పించారు. అదే క్లింటన్ 1997 ఫిబ్రవరిలో అదే కంపెనీ పైలట్లు అర్ధరాత్రి సమ్మె మొదలుపెట్టిన నిమిషాల్లోనే అత్యవసర బోర్డు వేసి ఆపేశారు. మరుసటి ఏడాది నార్త్‌వెస్ట్ పైలట్లు రెండు వారాలు విమానాలు నిలిపేస్తే చేయి పెట్టలేదు, ఒప్పందం కుదిరింది.

జోక్యం చేసుకుంటే కార్మికులకు నష్టం, చేసుకోకపోతే లాభం అని సూత్రం కట్టలేం. 1989లో జోక్యం లేకపోవడమే ముంచింది. 1993లో జోక్యమే కాపాడింది. రిపబ్లికన్, డెమొక్రాట్ అన్న గీత కూడా కొంతవరకే పని చేస్తుంది. 1993లో ఆ ఖాళీ విమానాలు అంతకు ముందు నాలుగు రోజులు ఎగరబట్టే ఆ ఫోను వచ్చిందని నా నమ్మకం. లోరెంజో దగ్గర అమ్ముకోవడానికి ఆస్తులు, చాటుకు దివాలా కోర్టు ఉన్నాయి కాబట్టే ఈస్టర్న్ సిబ్బంది ఎంత ఐక్యంగా నిలిచినా ఫలితం లేకపోయింది. అన్ని ఉద్యోగ వర్గాల్లోనూ అంత పట్టుగా సాగిన సమ్మె ఓడిపోవడం చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఓట్ల మీద నమ్మకం సడలి యాజమాన్యంలోనే వాటా తీసుకుందామని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు 1994లో ప్రయత్నించారు. జీతాలు తగ్గించుకుని కంపెనీలో 55 శాతం వాటా పొందారు. 2002 చివర్లో కంపెనీ దివాలా పిటిషన్ వేసేసరికి ఆ షేర్ల విలువ ఆవిరైంది. 2005లో పింఛను పథకాలను ప్రభుత్వ బీమా సంస్థకు అప్పగించేశారు, చాలామందికి రావలసిన పింఛనులో కోత పడింది. యజమాని అనిపించుకున్నవాడికి యజమాని కష్టాలన్నీ వచ్చాయి, ఉద్యోగి రక్షణ పోయింది.

ఈ మధ్య కాలంలో రెండు సందర్భాలు నాకు ఆశ కలిగించాయి, రెండూ ట్రంప్ తొలి పాలనలోవే. 2018 డిసెంబరులో మొదలైన ప్రభుత్వ షట్‌డౌన్‌లో కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు. 2019 జనవరి 25న కొన్ని కేంద్రాల్లో సిబ్బంది సెలవు పెట్టడంతో న్యూయార్క్ లాగార్డియాకు వచ్చే విమానాలను కాసేపు ఆపాల్సి వచ్చింది. సమ్మెకు ఎవరూ పిలుపివ్వలేదు. ముప్పై అయిదో రోజైన ఆ రోజే షట్‌డౌన్ ముగింపుకు ఒప్పందం కుదిరింది. 2020 మార్చిలో కోవిడ్ సహాయ చట్టం చేసినప్పుడు, ప్రయాణికుల విమాన కంపెనీలకు జీతాల కోసం 25 బిలియన్ డాలర్లు ఇస్తూ, సెప్టెంబరు ఆఖరిదాకా ఎవరినీ తీసేయకూడదని, సొంత షేర్లు తిరిగి కొనకూడదని షరతు పెట్టారు. ఫ్లైట్ అటెండెంట్ల సంఘం నాయకురాలు సారా నెల్సన్ ఆ షరతుల కోసం గట్టిగా పోరాడారు. ఆ సంఘం ఓట్లు ఆ అధ్యక్షుడికి పడినవి కావు.

పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. మన దగ్గర విమానాశ్రయాలు పెరుగుతున్నాయి. శంషాబాద్, విశాఖ, విజయవాడల నుంచి రోజూ ఎగిరే విమానాల్లో తెలుగు పిల్లలు పైలట్లుగా, క్యాబిన్ సిబ్బందిగా, కింద సామాను మోసే కాంట్రాక్టు కార్మికులుగా పనిచేస్తున్నారు. వాళ్ల పని గంటలు ఎవరు నిర్ణయిస్తున్నారు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ కాంట్రాక్టుల్లో జీతం ఎన్ని చేతులు మారి వాళ్లకు అందుతోంది, సమ్మె నోటీసు ఇస్తే చట్టం ఏం చేస్తుంది, ఎన్నికలప్పుడు వాళ్ల దగ్గరికి ఎవరు వస్తున్నారు? ఈ నాలుగూ ఒకే థీసిస్‌లో ఉండాలి. రాజనీతి, కామర్స్, చరిత్ర శాఖల నుంచి ఒక్కో పర్యవేక్షకుడు దానికి మార్గదర్శనం చేయాలి. ఈ సాయంత్రం జరిగే కార్యవర్గ సమావేశంలో అలాంటి ఉమ్మడి పరిశోధనకు ఫెలోషిప్ ఏర్పాటు చేయాలని నేనే తీర్మానం ప్రతిపాదిస్తాను. మీరంతా బలపరచాలని కోరుతూ, మొదటి సమావేశానికి వేదికను అప్పగిస్తున్నాను.