గూడ, వలస, గొర్జాంగ్: మన ఊళ్ల పేర్లు

 

మనం కూర్చున్న ఈ శ్రీముఖలింగం ఒకప్పుడు కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. ఇప్పుడు జలుమూరు మండలంలో ఒక ఊరు. ఇక్కడి శాసనాలు చదివి ఆ మాట చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ఈ పక్కనే, పర్వతాలపేటలో పుట్టారు. మన సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు కూడా.

పేట, పాలెం, వలస, గూడ. ఈ మాటలు వట్టి తోకలు కావు. వలస అంటే ఒకచోటు విడిచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. విజయనగరం వైపు కొత్తవలస రైల్వే జంక్షన్ అయింది, అయినా పేరులో వలస పోలేదు, ‘కొత్త’ కూడా పోలేదు! కొండ దిగువన పది ఇళ్లుంటే గూడ అంటాం. సరిహద్దు దాటి కొరాపుట్ వైపు వెళ్తే అక్కడా ‘గుడ’ వినిపిస్తుంది. సవరలో మాత్రం ఊరు గొర్జాంగ్. పది ఇళ్లయినా, వందయినా గొర్జాంగే. దానికి గొమాంగ్ ఉంటాడు, బుయ్య ఉంటాడు, కొత్తల పండుగ ఉంటుంది. అన్నీ ఉన్నాక చిన్న ఊరెలా అవుతుంది?

కాగితం మాత్రం అలా చూడదు. రికార్డులో లెక్కకొచ్చేది రెవెన్యూ గ్రామం. మన గూడ దానికి ‘శివారు’. ధ్రువపత్రంలో, రోడ్డు మంజూరులో కనిపించేది ఆ పెద్ద ఊరి పేరే. మన గూడ పేరు చెబితే "అదెక్కడ?" అని అడిగించుకున్నవాళ్లం మనలో చాలామందిమి.

1996 నాటి పెసా చట్టం మాత్రం వేరేగా చెప్పింది. ఒక ఆవాసమైనా, ఒక కుగ్రామమైనా, అక్కడి జనం తమ ఆచారం ప్రకారం తమ వ్యవహారాలు చూసుకుంటే అదే గ్రామం, దానికి గ్రామసభ ఉండాలి. మన రాష్ట్రంలో నిబంధనలు 2011లో వచ్చాయి. అయితే ఇది షెడ్యూల్డ్ ప్రాంతానికే. ఆ గీతకు బయట ఉండిపోయిన మన గూడలకు ఈ హక్కు లేదు. ఆ గూడలను షెడ్యూల్లో చేర్చమని అడుగుతూనే ఉన్నాం. తెలంగాణలో 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. అడిగితే కాని పని కాదది.

కాలేజీలో చేరినప్పుడు మీలో కొందరు "మాది సీతంపేట దగ్గర" అని ఊరుకుంటున్నారు. దగ్గర కాదు నాన్నా, ఏ గూడో చెప్పండి. దరఖాస్తులో గూడ పేరు ముందు రాయండి, రెవెన్యూ గ్రామం తర్వాత.

ఇంకో పని. ఈ సెలవుల్లో మీ తాతను, అమ్మమ్మను అడిగి, మీ గొర్జాంగ్‌కు సవరలో ఉన్న పేరు, దాన్ని ఎవరు కట్టారు, ఎక్కడినుంచి వచ్చారు, ఒక కాగితం మీద రాసి తెండి. వాళ్లు పలికినట్టే రాయండి, తెలుగులోకి దిద్దకండి. ఫోనులో గొంతు రికార్డు చేస్తే మరీ మంచిది.