మాయా నగరాల కోటగోడలు



మాయా అనగానే మనకు మయసభ కట్టిన మయుడు గుర్తుకు రావడం సహజం. ఆయనకూ వీళ్ళకూ యే సంబంధమూ లేదు లెండి. మెక్సికో దక్షిణ భాగంలోనూ, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్ దేశాల్లోనూ అడవుల నడుమ రాతి నగరాలు కట్టుకున్న ప్రజలు మాయాలు. వాళ్ళ సంతతివారు లక్షల మంది నేటికీ అక్కడే వున్నారు, తమ భాషలే మాట్లాడుకుంటున్నారు.

ఈ మాయాలు పరమ శాంతమూర్తులని పండితులు చాలాకాలం నమ్మారు. మోర్లీ, థాంప్సన్ వంటి పెద్దలు రాసిన పుస్తకాలు చదివితే, అక్కడ అందరూ నక్షత్రాలు లెక్కపెట్టుకునే పూజారులూ, మొక్కజొన్న పండించుకునే రైతులూనేమో అనిపిస్తుంది. 1946లో బోనంపాక్ అనే చోట ఒక గుడి గదుల్లో రంగుల చిత్రాలు బయటపడ్డాయి. సుమారు 790 ప్రాంతంలో వేసినవి. గోడ నిండా యుద్ధం! బల్లేలతో పొడుచుకునేవాళ్ళు, మెట్ల మీద కూలబడి చేతివేళ్ళ నుంచి నెత్తురు కారుతున్న బందీలు. అయినా పాత నమ్మకం ఒక్కసారిగా పోలేదు. 1960లో తత్యానా ప్రోస్కురియకోవ్ అనే విదుషీమణి, ఆ రాళ్ళ మీద చెక్కినవి ఉత్త పంచాంగాలు కావు, రాజుల జననాలూ పట్టాభిషేకాలూ అని నిరూపించింది. పొడుగాటి అంగీలు తొడుక్కున్న బొమ్మలను అంతవరకూ మగ పూజారులనే అనుకునేవారు. అవి ఆడవాళ్ళ బొమ్మలని గుర్తుపట్టిందీ ఆవిడే. అది ఆడమనిషి కంటికే ఆనాలి కాబోలు!

ఇక కోటల సంగతి. మెక్సికోలో బెకాన్ అనే నగరం చుట్టూ ఇంచుమించు రెండు కిలోమీటర్ల కందకం వుంది. వెడల్పు 16 మీటర్లు, లోతు 5 మీటర్ల పైమాటే. తవ్విన మట్టినీ రాళ్ళనూ లోపలి ఒడ్డున పోసి గట్టు కట్టారు. 1970లో డేవిడ్ వెబ్‌స్టర్ అక్కడ తవ్వి చూసి, అది సుమారు 1800 ఏళ్ళ కిందటిదని తేల్చాడు. వాళ్ళకు ఇనుము లేదు, గుర్రాలు లేవు, బరువులు మోసే పశువులూ లేవు. ఆ రాయంతా రాతి పనిముట్లతో కొట్టి, మనుషులు వీపున మోసిందే. ఊరికే ఎవరైనా అంత చాకిరీ చేస్తారా? మొన్న 2018లో విమానం నుంచి లేసర్ కిరణాలు ప్రసరింపజేసి గ్వాటెమాలా అడవి అడుగున నేలను చూస్తే, కొండల మీద మరిన్ని కోటగోడలు కనిపించాయి.

యుద్ధాలున్నాయని ఒప్పుకున్న తర్వాత కూడా పండితులు మరో మాట అన్నారు. ఆ పోరాటాలు రాజులకూ రాజులకూ మధ్యనేననీ, బందీలను పట్టుకుని బలి ఇవ్వడానికేననీ, సామాన్యుల జోలికి పోయేవారు కారనీ. నాకు మొదటినుంచీ ఈ మాట మింగుడు పడదు. యుద్ధం వచ్చి ఇళ్ళను ముట్టుకోకుండా పోయిన దేశం ఏదైనా వుందా?

నరాంహో అనే రాజ్యానికి 682లో దోస్ పీలాస్ నుంచి ఒక రాకుమార్తె వచ్చింది. ఆమెను చరిత్రకారులు 'ఆరు ఆకాశాల రాణి' అంటారు. ఆమె కొడుకని భావించే పిల్లవాడు 693లో అయిదేళ్ళ వయసున గద్దెనెక్కాడు. అయిదేళ్ళవాడు ఏం పాలిస్తాడు? పెత్తనమంతా ఆమెదే. ఒక శిలమీద ఆమె బందీని కాళ్ళకింద తొక్కుతూ నిలబడి వుంటుంది. 697 మే 21న బహ్లాం హోల్ అనే ఊరు 'కాలిపోయింది' అని నరాంహో శాసనం. ఆ ఊరే విట్స్‌నా అని తెలిశాక, దాని పక్క చెరువు అడుగు బురదను పరిశోధకులు గొట్టాలతో పైకి తీశారు. సరిగ్గా ఆ కాలపు పొరలో దట్టంగా బొగ్గు! ఆ పొర పైభాగంలో, మనుషులు నేలను సాగు చేసుకున్న గుర్తులు బాగా తగ్గిపోయాయి. 2019లో ఈ సంగతి ప్రకటించారు. తగలబడింది రాజుగారి మేడ ఒక్కటే కాదన్నమాట. చేయించింది ఆడదైతే మాత్రం, నిప్పు మెత్తగా కాలుతుందా?

ఆమె పుట్టింటికీ ఆ గతి తప్పలేదు. 761లో దోస్ పీలాస్ రాజు ఓడిపోయాడు. మిగిలిన జనం గుళ్ళ రాళ్ళూ, మేడల రాళ్ళూ ఊడబెరికి, ఊరి నడిమధ్య రెండు చుట్లు గోడ పెట్టుకున్నారు. చెక్కడాలున్న మెట్ల మీదుగానే గోడ వెళ్ళింది. దాని మీద కర్రల దడి. లోపల గుడిసెలు. తాతలు కట్టిన గుడి రాయిని చేత్తో పెరకడానికి వాళ్ళ ప్రాణం ఎంత విలవిలలాడిందో!

దానికి తోడు రాజధానిగా వున్న అగ్వాతేకా ఒక పక్క లోతైన అగాధం వున్న కొండ మీద వుంది. అక్కడ నాలుగు కిలోమీటర్లకు పైగా గోడలు కట్టారు. అయినా సుమారు 810లో శత్రువులు వచ్చి తగలబెట్టారు. తకేషీ ఇనోమాతా అనే జపాను శాస్త్రజ్ఞుడు ఆ కాలిన ఇళ్ళను అంగుళం అంగుళం తవ్వించాడు. కుండలు నిలబెట్టిన చోటే వున్నాయి. మొక్కజొన్న నూరే రాళ్ళు, అచ్చం మన సన్నికల్లూ పొత్రమూ వంటివే, వున్నచోటే వున్నాయి. నూలు వడికే కదురు బిళ్ళలు, ఎముక సూదులు, లేఖకుడి ఇంట్లో రంగులు నూరే చిన్న కల్వాలు, అన్నీ వదిలేసి పరుగెత్తారు. సూది వెంట తీసుకుపోయే తీరిక కూడా లేదంటే ఆ రోజు ఎలా వుండి వుంటుందో మీరే ఊహించుకోండి.

రాజుగారి మేడలో మాత్రం గదులు చాలావరకు ఖాళీ. రాజకుటుంబం ముందుగానే సామాను సర్దుకుని వెళ్ళిపోయిందని ఇనోమాతా అభిప్రాయం. ఒక గదిలో కొంత సామాను పెట్టి గుమ్మానికి అడ్డంగా గోడ కట్టేశారు. మళ్ళీ వద్దామనే ఆశతోనేమో. ఇరుగుపొరుగు ఇళ్ళవాళ్ళు మాత్రం చివరి రోజు దాకా అక్కడే వుండి మొక్కజొన్న నూరుకుంటూనే వున్నారు.