జుట్టు రంగులో ఆకులే ఉండాలి



మా సంఘం చేసే జుట్టు రంగులో ఉండేవి రెండే: గోరింటాకు, నీలి ఆకు. రెండిటినీ నీడలో ఎండబెట్టి, విడివిడిగా పొడి కొట్టి, పల్చటి గుడ్డలో జల్లిస్తాం. ఒకే పొట్లంలో కలపం. గోరింటాకు పొడి టీ డికాషన్‌లో రాత్రంతా నానాలి. నీలి పొడి అట్లా కాదు. గోరువెచ్చని నీళ్లలో కలిపి పావుగంటకే పెట్టుకోవాలి, ఆలస్యమైతే సరిగా పట్టదు.

ముందు గోరింటాకు రెండు గంటలు ఉంచి ఉత్త నీళ్లతో కడగాలి. తెల్లవెంట్రుకలు ఎర్రబడతాయి, కంగారు పడొద్దు. ఆ ఎరుపు మీద నీలి గంటసేపు పెడితే నల్లబడుతుంది. అసలు రంగు మర్నాటికి తేలుతుంది. అందాకా షాంపూ వద్దు.

"పది నిమిషాల్లో నలుపు రావాలి, పీపీడీ కలిపి ఇవ్వండి, ఎంతైనా కొంటా" అని ఒక వ్యాపారి అడిగాడు. అది రసాయనం. పడనివాళ్లకి దురద, బొబ్బలు, మొహం వాపు వస్తాయి. కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు. అది కలిపి పొట్లం మీద ఆకు రంగు అని రాస్తే మోసం కాదా? ఆ ఆర్డరు వదులుకున్నాం.

ఆకులు కూడా కొందరికి పడకపోవచ్చు. ముందు చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు చూసుకోమని ప్రతి పొట్లం మీదా రాయండి. అమ్మకానికి చేసేవాళ్లు ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ముందే తీసుకోండి.

మన రంగు నిదానంగానే వస్తుంది. ఆ మాట కొనేవాళ్లకి ముందే చెప్పి అమ్ముదాం. నమ్మి కొన్న మనిషి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. సెలవు.