కార్బురేటర్ మార్చాలా? బాగు చేయాలా?



ఈరోజు మాట ఒక పాత కారు గురించి. కారు సంగతి ఆడవాళ్లకెందుకని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వనివ్వండి. కిరాయి కారు మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లల్లో కారు ఆగితే పొయ్యి కూడా ఆగుతుంది. అప్పు చేయాల్సి వస్తే ఆ అప్పు తీర్చేది ఇల్లాలే.

ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంట్లో పాత అంబాసిడర్ కారు ఉంది. ఇంటాయన దాన్ని పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు కిరాయికి తిప్పుతాడు. ఈ కారును హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారు చేసేది. 2014లో తయారీ ఆపేశారు. ఉన్న కార్లను బాగు చేసుకుంటూ నడుపుకోవడమే.

ఆ కారుకు ఏదో రోగం పట్టింది. పొద్దున్నే ఒక పట్టాన స్టార్టు కాదు. స్టార్టు అయితే జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. నిలబెడితే ఇంజను ఆరిపోతుంది. వెనక నల్లపొగ. దగ్గరికి వెళితే పెట్రోలు వాసన. పోసిన పెట్రోలు ఎటు పోతోందో తెలియదు.

షెడ్డులో కుర్రవాడు చూశాడు. "కార్బురేటర్ పోయింది. కొత్తది వేయాలి" అన్నాడు. ఇంటాయన ఇంటికొచ్చి, "పొదుపు సంఘంలో అప్పు తియ్యవే" అన్నాడు.

ఆమె ఈమధ్యే అక్షరాలు నేర్చింది. కూడికలు, తీసివేతలు వచ్చు. ఇదివరకైతే వేలిముద్ర వేసి డబ్బు తెచ్చేది. ఇప్పుడు సంతకం పెట్టాలి. సంతకం పెట్టే ముందు ఒక మాట అడిగింది.

"కార్బురేటర్ అంటే ఏందయ్యా? అది ఏం పని చేస్తది?"

ఆయన చెప్పలేకపోయాడు. మర్నాడు ఇద్దరూ కలిసి షెడ్డుకు వెళ్లారు. ఆ రోజు పెద్ద మేస్త్రీ ఉన్నాడు. ఆమె ఆయన్నే అడిగింది. ఆయన విసుక్కోలేదు.

"అమ్మా, నువ్వు పంపు స్టవ్వు వాడావా?" అన్నాడు.

"వాడకేం అన్నా! ఏళ్ల తరబడి దాని మీదే వండాను."

"అందులో కిరసనాయిలు సన్నటి రంధ్రంలో నుంచి వస్తది. గాలితో కలుస్తది. సరిగా కలిస్తే మంట నీలంగా ఉంటది. గాలి తక్కువైతే మంట పసుపుపచ్చగా లేచి, గిన్నెకు మసి పడతది. కారులో కూడా ఇంతే. పెట్రోలును, గాలిని కొలతగా కలిపి ఇంజనుకు పంపేదే కార్బురేటర్."

ఆమెకు సగం విషయం అక్కడే అర్థమైపోయింది.

లోపల ఏముంటుంది?

1 కిలో పెట్రోలు సరిగా కాలాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే నల్లపొగ వస్తుంది. ప్లగ్గులకు మసి పడుతుంది. పెట్రోలు తగ్గితే ఇంజను దగ్గుతుంది, బలం ఉండదు.

కార్బురేటర్‌లో ఒక చిన్న గిన్నె ఉంటుంది. అందులో పెట్రోలు నిలుస్తుంది. పెట్రోలు మీద ఒక బుడ్డి తేలుతుంది. దాన్ని ఫ్లోట్ అంటారు. నీళ్ల ట్యాంకులో తేలే బంతి లాంటిదే ఇది. గిన్నె నిండగానే ఫ్లోట్ పైకి లేచి, ఒక సూదిని నొక్కుతుంది. పెట్రోలు రావడం ఆగుతుంది. ఆ సూది అరిగితే పెట్రోలు ఆగదు, పొంగుతుంది.

పక్కన గాలి పోయే గొట్టం ఉంటుంది. అది మధ్యలో ఇరుకుగా ఉంటుంది. వాగు ఇరుకైన చోట నీళ్లు జోరుగా పారతాయి కదా! ఇక్కడ గాలి కూడా అంతే. జోరుగా పోయే గాలి పెట్రోలును పైకి లాగుతుంది. దోమల మందు కొట్టే పాత చేతి పంపు పని చేసేది ఇలాగే.

పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాన్ని జెట్ అంటారు. జెట్లు ఇత్తడివి. కాలితో యాక్సిలరేటర్ తొక్కితే గొట్టంలో ఒక రేకు తెరుచుకుంటుంది. గాలి ఎక్కువ పోతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది, కారు వేగం అందుకుంటుంది. చలిలో స్టార్టు కావడానికి చోక్ లాగుతారు. ఇంజను వేడెక్కాక చోక్ మళ్లీ లోపలికి నెట్టాలి. మర్చిపోయినా, చోక్ ఇరుక్కుపోయినా నల్లపొగే!

ముందు చూడాల్సినవి

"అన్నా, రోగం కార్బురేటర్‌దే అని ఎట్లా తెలుస్తది?" అని ఆమె అడిగింది.

మేస్త్రీ నవ్వాడు. "మంచి మాట అడిగావమ్మా. కడుపునొప్పి అనగానే ఆపరేషన్ చేస్తారా? ముందు చిన్నవి చూడాల" అన్నాడు.

ఆయన ఒక్కొక్కటే చూశాడు. ముందు ప్లగ్గులు విప్పాడు. మసి పట్టి ఉన్నాయి. శుభ్రం చేశాడు. పాయింట్ల మధ్య సందు సరిచేశాడు. ఎయిర్ ఫిల్టర్ దులిపి చూశాడు. పెట్రోలు పంపు బాగానే ఉంది. కార్బురేటర్‌కు, ఇంజనుకు మధ్య ఉన్న గాస్కెట్ చూశాడు. అది చిరిగి ఉంది. చిరిగిన చోట గాలి దొంగతనంగా లోపలికి పోతుంది. అప్పుడు కూడా ఇంజను వణుకుతుంది.

ఇవన్నీ చూశాకే కార్బురేటర్ మీద చెయ్యి వేశాడు. ముందుగా బ్యాటరీ తీగ విప్పాడు. పక్కన బీడీ తాగుతున్న కుర్రవాణ్ణి దూరంగా పంపేశాడు. తర్వాత కార్బురేటర్ తీసి, బల్ల మీద గుడ్డ పరిచి విప్పాడు.

గిన్నె అడుగున తుప్పు బురద ఉంది. నాలుగు నీటి చుక్కలు ఉన్నాయి. ఒక జెట్ సగం మూసుకుపోయింది. సూది మొన మీద గీత పడింది.

ఇంటాయన జెట్‌లో గుచ్చడానికి సన్నటి తీగ ఇవ్వబోయాడు. మేస్త్రీ వారించాడు. "వద్దయ్యా! ఇత్తడి మెత్తన. రంధ్రం పెద్దదైతే ఎప్పటికీ పెట్రోలు ఎక్కువ తాగుతది" అన్నాడు. క్లీనర్ మందు కొట్టి, జోరుగా గాలి పట్టి శుభ్రం చేశాడు.

బాగు చేయాలా, కొత్తది కొనాలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆమె సంతకం ఎంతకు పెట్టాలి?

మేస్త్రీ గొట్టంలోని రేకును పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. రేకు ఉన్న ఇరుసు వదులుగా లేదు. పైమూత వంకర పోలేదు. ఎక్కడా పగులు లేదు. మరలు పట్టే చోట అరగలేదు.

"ఇరుసు అరిగి గలగలలాడితే, ఒళ్లు పగిలితే కొత్తది కొనాల. ఇది గట్టిగానే ఉంది. రిపేరు కిట్టు చాలు" అన్నాడు.

కిట్టులో కొత్త సూది, గాస్కెట్లు, చిన్న చిన్న రబ్బరు ముక్కలు ఉంటాయి. కొత్త కార్బురేటర్‌తో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. ఆమె పెద్ద అప్పు అడగలేదు. కిట్టుకు, కూలికి ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకుంది. అంతకే సంతకం పెట్టింది.

మేస్త్రీ ఇంకో మాట చెప్పాడు. "బురద ట్యాంకులో నుంచి వచ్చింది. ట్యాంకు కడగకపోతే నెల తిరక్కుండా మళ్లీ ఇదే రోగం." అందుకని ట్యాంకు కడిగారు. కొత్త పెట్రోలు ఫిల్టర్ వేశారు.

మరలన్నీ సమంగా, కొంచెం కొంచెంగా బిగించాడు. ఒక పక్కే బిగిస్తే మూత వంకర పోతుంది. స్టార్టు చేసే ముందు పెట్రోలు ఎక్కడైనా కారుతోందా అని చూశాడు. షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. ఇంజను బాగా వేడెక్కాక చిన్న మరను మెల్లగా తిప్పుతూ గాలి, పెట్రోలు కలిసే కొలత సరిచేశాడు. వణుకు తగ్గింది. పొగ పోయింది.

పుస్తకంలో లెక్క

బాగైందని నోటితో అంటే చాలదు. లెక్క చూడాలి. ఆమె ఒక నోటుపుస్తకం పెట్టింది. ట్యాంకు నిండా పోయించిన రోజు మీటరు అంకె రాసుకుంది. మళ్లీ నింపినప్పుడు అంకె, పట్టిన లీటర్లు రాసుకుంది.

రిపేరుకు ముందు 20 లీటర్లకు 180 కిలోమీటర్లు తిరిగిందనుకోండి. 180ని 20తో భాగిస్తే లీటరుకు 9 కిలోమీటర్లు. రిపేరు తర్వాత 20 లీటర్లకు 220 తిరిగితే లీటరుకు 11.

ఇప్పుడు 1,000 కిలోమీటర్లు తిరగడానికి ఎంత కావాలి? ముందు 111 లీటర్లు పట్టేది. ఇప్పుడు 91 చాలు. 20 లీటర్లు మిగిలాయి. లీటరు 100 రూపాయలే అనుకున్నా 2,000 రూపాయలు! ఆ డబ్బు పొగలో పోయేది. ఇప్పుడు ఇంట్లో ఉంటుంది.

గుర్తుంచుకోండి

2000వ సంవత్సరం నుంచి పొగ నిబంధనలు బిగిశాయి. కొత్త కార్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మోటారు సైకిళ్లలో, స్కూటర్లలో 2020 దాకా చాలా వాటికి కార్బురేటరే ఉండేది. ఇంట్లో పాత బండి ఉంటే ఈ మాటలు దానికీ వర్తిస్తాయి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పాత రబ్బరు దానికి తట్టుకోలేక పాడవుతుంది. కాబట్టి పాత బండిని నెలల తరబడి కదపకుండా ఉంచొద్దు. ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు అడిగి వేయించండి.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతూ పోయి దూరాన ఉన్న నిప్పును అందుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని చేయనివ్వొద్దు. పెట్రోలు మంట మీద నీళ్లు పోయొద్దు, ఇసుక చల్లండి. గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగొద్దు. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపొద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషగాలి ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషిని నిద్రలోనే చంపుతుంది.

ఇక షెడ్డులో అడగాల్సినవి నాలుగు. ఏం పాడైంది? బాగు చేస్తే చాలదా? తీసేసిన పాత సామాను ఏది? బిల్లులో ఏమేం రాశారు?

ఈ నాలుగూ అడగడానికి మెకానిక్కు పని తెలియనక్కర్లేదు. చదవడం, లెక్క వేయడం వస్తే చాలు. అడిగితే తప్పేం లేదు. మంచి మేస్త్రీ అయితే సంతోషంగా చెబుతాడు. చెప్పనంటే, ఇంకో షెడ్డు చూసుకోండి.