బిడ్డకు ఏ భాషలో చదువు?

(శతాబ్ది ఉత్సవముల సభలో చేసిన ప్రసంగము)



సంస్కృతి, విశ్వాసము, భాష అను మూటిని గూర్చి, నేటి బడిని, రాజకీయమును, డిజిటల్ యుగమును దృష్టిలో ఉంచుకొని మాట్లాడమన్నారు. అంశము పెద్దది, సమయము కొద్దిది. కాబట్టి మన ఇండ్లలో నిత్యము వినబడు ఒక్క ప్రశ్ననే తీసుకొందును. మన బిడ్డలు తెలుగులో చదువవలెనా, ఇంగ్లీషులో చదువవలెనా?

మనకు అక్షరము వచ్చిన త్రోవ

తెలుగు సంఘ చరిత్రలో విశ్వాసము, అక్షరము జంటగా నడిచినవి. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషన్ దైవజనులు క్రాన్, డెస్‌గ్రాంజెస్ గార్లు తెలుగు నేర్చుకొనుటకు పూనుకొన్నారు. బ్రాహ్మణ కుటుంబమునుండి విశ్వాసములోనికి వచ్చిన ఆనందరాయరు సహాయముతో డెస్‌గ్రాంజెస్ గారు సువార్తలను తెనిగించసాగినారు. 1818లో శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది. 1912లో దోర్నకల్ బిషపుగా అభిషేకము పొందిన అజరయ్య గారు తమిళులు. అయినను తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో సంఘములను కట్టినారు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయపు కట్టడములో ఈ దేశపు గుడి శిల్పము, మసీదు శిల్పము కలసియున్నవి. క్రీస్తును వెంబడించుటకు మన నేలను, మన నుడిని విడువనక్కరలేదని ఆ రాళ్లే చెప్పుచున్నవి.

ఆ అక్షరము ఎవరికి అందినదో కూడ మరువరాదు. ఊరి బడి గడప తొక్కనివ్వని మాలపల్లెకు, మాదిగపల్లెకు మిషను బడి నడచి వెళ్లినది. పత్రములో ఏమి వ్రాసియున్నదో తెలియక వేలిముద్ర వేయు తండ్రి ప్రక్కన ఆ బడిలో చదివిన కొడుకు నిలబడి, "నాయనా, ఇందులో అప్పు పది అని లేదు, ఇరువది అని ఉన్నది" అని చెప్పగలిగినాడు. చదువు అనగా మన పెద్దలకు అదే: మోసపోకుండ నిలబడు బలము.

ఇంగ్లీషు కోరుట తప్పా?

తప్పు కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన బడులలో ఒకటవ తరగతి నుండి ఇంగ్లీషు మాధ్యమము పెట్ట నిర్ణయించినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసినది. తెలంగాణలో 2018లో బడులన్నిటిలో తెలుగు బోధించవలెనని చట్టము వచ్చినది. 2022లో అక్కడి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమము మొదలైనది. ఈ వాదములన్నిటి నడుమ కూలి చేసుకొను తల్లి ఒక్క మాట అడుగుచున్నది: "తెలుగు తెలుగు అని సభలలో మాట్లాడు అయ్యల పిల్లలు ఏ బడికి పోవుచున్నారు?" ఆమెకు జవాబు చెప్పకుండ తెలుగు గొప్పతనమును వర్ణించుట న్యాయము కాదు. ఉద్యోగమునకు, పై చదువునకు, హైకోర్టు తీర్పు చదువుకొనుటకు కూడ ఆమె బిడ్డకు ఇంగ్లీషు కావలెను.

అయితే బిడ్డ చదువుట నేర్చునది తనకు తెలిసిన మాటలతోనే. 2020 జాతీయ విద్యావిధానము కూడ వీలైనంత వరకు అయిదవ తరగతి దాక ఇంటి భాషలో బోధించమన్నది. అర్థము తెలియని ఇంగ్లీషు జవాబులను వల్లెవేసి, తెలుగు వాక్యమును కూడుకొని చదువలేక, రెంటికి చెడ్డ రేవడియగు బిడ్డయే నా దిగులు. ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఇంగ్లీషు గల పాఠ్యపుస్తకములను ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చినారు. ఆ పుస్తకమును తెరచినప్పుడు రెండు ప్రక్కలను చదువగల బిడ్డయే మనకు కావలెను.

ఇంకొక మాట. కోయ, సవర బిడ్డలకు మన తెలుగే పరాయి భాష. వాడుక భాష కొరకు పోరాడిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చి, సవర బిడ్డలకు వారి భాషలో చదువు చెప్పించినారు. తన భాషను నిజముగా ప్రేమించువాడు పొరుగువాని భాషను చులకన చేయడు. పెంతెకొస్తు దినమున పరిశుద్ధాత్మ అందరికి ఒకే భాష నేర్పలేదు. ఎవరి భాషలో వారికి దేవుని కార్యములు వినిపించినాడు.

చేతిలోని ఫోను

ఇప్పుడు ఫోనులో వాక్యము వినబడుచున్నది. చూపు తగ్గిన వృద్ధులకు అది మేలే. కాని కన్నులున్న యౌవనులు కూడ వినుటతో సరిపెట్టుకొనుచున్నారు. తెలుగు అక్షరములు ఫోనులోనే ఉన్నను, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నారు.

ఎన్నికలు వచ్చినప్పుడు దీని ఫలితము కనబడును. ఫలానా వారు గెలిచిన మందిరములు మూయింతురని ఒక వర్తమానము, ఫలానా కులము వారిని నమ్మరాదని ఇంకొకటి, ఎవరో నాయకుడు అనని మాటను అన్నట్లు మరొకటి వచ్చును. పూర్తిగా చదువకుండనే పదిమందికి పంపుదుము. నాడు పత్రము చదువలేనివాడు అప్పులో మోసపోయినాడు. నేడు వర్తమానమును తరచి చదువనివాడు ఓటులో మోసపోవును. బెరయ వారు పౌలు చెప్పినది కూడ లేఖనములతో సరిచూచుకొన్నారు. అపొస్తలుని మాటకే ఆ పరీక్ష ఉండగా, ఊరు పేరు లేని వర్తమానమునకు ఉండవద్దా?

మనము చేయదగినవి

మొదటిది, కన్ఫర్మేషన్‌కు వచ్చు ప్రతి బిడ్డ తెలుగు బైబిలులో ఒక అధ్యాయము బిగ్గరగా చదివి, దాని భావమును స్వంత మాటలలో చెప్పగలుగవలెను. నెహెమ్యా కాలమున లేవీయులు చేసినది అదియే: స్పష్టముగా చదివి, అర్థము చెప్పినారు. ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, ఈ భారము మొదట మీది, నాది.

రెండవది, మన ఇంగ్లీషు బడులలో తెలుగు గంటను మిగిలిపోయిన గంటగా చూడకుండ మంచి ఉపాధ్యాయునికి అప్పగించవలెను. అట్లే పల్లెలలో సాయంకాలము మందిరపు తలుపు తెరచి, మన యౌవనులు బీద బిడ్డలకు రుసుము లేకుండ ఇంగ్లీషు నేర్పవలెను. ఏ మతము బిడ్డయని అడుగవద్దు.

మూడవది, సంఘపు ఫోను గుంపులలో ఎవరు చెప్పినారు, ఎప్పుడు చెప్పినారు అని తెలియని వర్తమానమును పంపకుందుము.

పలక పట్టని తాతకు ఈ సంఘము పలక ఇచ్చినది. ఫోను పట్టిన మనుమనికి దానిలోని మాటను చదివి, తూచి, సత్యమును ఎన్నుకొను శక్తినిచ్చుట రెండవ శతాబ్దములో మన పని. ఆ పనికి ప్రభువు మనలను బలపరచును గాక. ఆమేన్.